పాడైన కొత్త వస్తువుకు రీప్లేస్‌మెంట్ రాబట్టుకోవడం ఎలా? హైదరాబాద్ కొనుగోలుదారులకు సమగ్ర మార్గదర్శి

కొత్త ఫ్రిజ్ వారానికే చల్లబడటం మానేస్తుంది. కొత్త ఫోన్ రెండో రోజే తనంతట తాను ఆగిపోతుంది. అప్పుడు మనలో చాలామంది షాపుకి ఫోన్ చేసి "కొంచెం చూడన్నా" అంటాం. షాపువాళ్లు కంపెనీ నంబరు ఇస్తారు. టెక్నీషియన్ వచ్చి ఏదో చేసి పోతాడు. నాలుగు రోజులు బాగానే నడుస్తుంది, మళ్లీ అదే గోల. ఈ తిరుగుడులోనే వస్తువు మార్చి ఇచ్చే గడువు కాస్తా దాటిపోతుంది. ఆ తర్వాత మన చెవిన పడేది ఒకటే మాట: "ఇక రిపేరే సార్, రీప్లేస్‌మెంట్ టైం అయిపోయింది."

మా కాలనీలోనూ చుట్టాల్లోనూ ఇలాంటి ఫిర్యాదులు రాసిపెట్టే పని తరచూ నాకే వస్తుంది. చూడగా చూడగా నాకు అర్థమైంది ఇది: మనకు చట్టం అండ గట్టిగానే ఉంది. అయినా రీప్లేస్‌మెంట్ చేజారిపోతోందంటే, అడగాల్సిన రోజుల్లో, అడగాల్సిన వాళ్లని, రాతపూర్వకంగా అడగకపోవడమే చాలాసార్లు కారణం. అందుకే కొనేనాటి నుంచి కొత్త పీసు చేతికొచ్చేదాకా ఏం చేయాలో వరసగా చెబుతాను.

ముందు, ఏం అడుగుతున్నామో తేల్చుకోండి

షాపుల్లో రీప్లేస్‌మెంట్, ఎక్స్చేంజ్, రిటర్న్, రీఫండ్ అన్నీ కలిపేసి మాట్లాడతారు. మనం కలపకూడదు. ఒక్కోదానికి ఒక్కో హక్కు ఉంది.

రీప్లేస్‌మెంట్ అంటే లోపం ఉన్న వస్తువు తీసుకుని, అదే రకం కొత్త వస్తువు, లోపం లేనిది, పైసా అదనంగా అడగకుండా ఇవ్వడం. రిపేరు చేసి మెరుగుపెట్టిన పాత పీసు ఇస్తే అది రీప్లేస్‌మెంట్ కిందకి రాదు. ఎక్స్చేంజ్ అంటే వస్తువు బాగానే ఉన్నా సైజు కుదరకో రంగు నచ్చకో మార్చుకోవడం. పాత టీవీ ఇచ్చి, మిగతా డబ్బు కట్టి కొత్తది తెచ్చుకోవడాన్నీ ఎక్స్చేంజ్ అనే అంటాం. చీర రంగు ఇంట్లో నచ్చలేదని జనరల్ బజార్ షాపుకి తిరిగి వెళ్తే మార్చి ఇవ్వడం వాళ్ల మర్యాద, లేదా ముందే చెప్పిన పాలసీ. చట్టం పేరు చెప్పి గట్టిగా అడిగే చోటు అది కాదు. అదే చీర మడతల్లో చిరుగు కనపడితే కథ మారిపోతుంది. అది లోపం. బిల్లు అడుగున "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా, లోపం విషయంలో ఆ వాక్యం షాపుని కాపాడదు.

2019 వినియోగదారుల రక్షణ చట్టం (2020 జూలై నుంచి అమల్లో ఉంది) ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. లోపమున్న వస్తువును వెనక్కి తీసుకుని డబ్బు తిరిగి ఇవ్వడానికి నిరాకరిస్తే అది అనుచిత వ్యాపార పద్ధతి. బిల్లులో గడువు రాసి ఉంటే ఆ గడువు వర్తిస్తుంది, ఏమీ రాయకపోతే 30 రోజులు. ఇక 39వ సెక్షన్ ప్రకారం వినియోగదారుల కమిషన్ (మనం వాడుకలో వినియోగదారుల కోర్టు అంటాం) లోపం సరిచేయమనొచ్చు, కొత్త వస్తువు ఇమ్మనొచ్చు, కట్టిన ధర వడ్డీతో తిరిగిమ్మనొచ్చు, పైన నష్టపరిహారమూ వేయొచ్చు.

ఇక్కడ అందరూ జాగ్రత్తగా చూడాల్సిన తేడా ఒకటుంది: పార్టు మార్చడం వేరు, మొత్తం పీసు మార్చడం వేరు. వారంటీ కార్డులో "రిపేర్ లేదా రీప్లేస్" అని ఉంటే చాలాసార్లు దాని అర్థం పాడైన పార్టు మారుస్తామని. కొత్త కారు క్లచ్‌లో తేడా వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2006లో ఇలాగే తేల్చింది. వారంటీ పార్టు వరకే ఉంటే ఆ పార్టు మారిస్తే సరిపోతుంది, కారు మొత్తం మార్చమనడం కుదరదు అంది. కాబట్టి మొత్తం వస్తువు కావాలంటే మన దగ్గర బలమైన ఆధారం ఉండాలి. కొన్న కొద్ది రోజులకే లోపం బయటపడటం ఒకటి. అదే లోపం రిపేరు తర్వాతా తిరిగి రావడం మరొకటి. రెండింటికీ కాగితం ఉంటే ఇంకా మంచిది.

కొనేటప్పుడే సగం పని అయిపోవాలి

ట్రూప్ బజార్‌లో ఫ్యాన్లు కొన్నా, జగదీశ్ మార్కెట్‌లో ఫోన్ కొన్నా, సికింద్రాబాద్ సీటీసీలో కంప్యూటర్ కట్టించుకున్నా ఒక మాట వినిపిస్తూనే ఉంటుంది: "పక్కా బిల్లు కావాల్నంటే జీఎస్టీ పడతది అన్నా, చిట్టీ రాసిస్త, ఏమన్నా అయితే నేనున్న గద." ఆ అన్న మంచివాడే కావచ్చు. రేపు షాపు మారొచ్చు, మనిషి మారొచ్చు, మాట కూడా మారొచ్చు. జీఎస్టీ నంబరు, మోడల్, సీరియల్ నంబరు ఉన్న బిల్లే తీసుకోండి. ఫోన్ అయితే ఐఎంఈఐ నంబరు (ఒక్కో ఫోన్‌కి విడిగా ఉండే గుర్తింపు నంబరు) బిల్లు మీద ఉండాలి. డయలర్‌లో స్టార్, హ్యాష్, 06, హ్యాష్ నొక్కితే నంబరు తెర మీద కనిపిస్తుంది. బిల్లుతో, డబ్బాతో అక్కడే సరిచూసుకోండి. అడిగినా బిల్లు ఇవ్వకపోవడం కూడా చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతే.

వారంటీ ఎవరిదో కూడా అడగండి. కంపెనీ వారంటీ అయితే దేశంలో ఎక్కడైనా సర్వీస్ సెంటర్ చూస్తుంది. షాపు వారంటీ అయితే ఆ షాపు తలుపు ఒక్కటే దిక్కు. "పదేళ్ల వారంటీ" అని పెద్దగా రాసి ఉన్న ఫ్రిజ్, ఏసీల మీద ఆ పదేళ్లు చాలావరకు కంప్రెసర్‌కే ఉంటాయి. మిగతా యంత్రానికి ఏడాదే కావచ్చు. ఏసీలో గ్యాస్ నింపే ఖర్చు ఆ వారంటీలో ఉందో లేదో కొనకముందే చదవండి.

నాంపల్లి నుమాయిష్‌లో కొనేవాళ్లకు ఇంకొక్క జాగ్రత్త. జనవరి ఒకటిన మొదలై నెలన్నర నడిచే ఆ ఎగ్జిబిషన్‌కి ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో వ్యాపారులు వస్తారు. ఫిబ్రవరి దాటితే ఆ స్టాలు ఉండదు. మిక్సీ, దివాన్ సెట్, కార్పెట్ లాంటివి కొంటే వ్యాపారి సొంత ఊరి చిరునామా, ఫోన్ నంబరు బిల్లు మీద రాయించుకోండి.

ఆన్‌లైన్‌లో కొంటే, కొనుగోలు బటన్ పక్కన చిన్న అక్షరాల్లో ఉండే షరతు తెరిచి చదవండి. "7 రోజుల రీప్లేస్‌మెంట్", "సర్వీస్ సెంటర్ రీప్లేస్‌మెంట్" రెండూ ఒకటి కావు. రెండోదాంట్లో కంపెనీ మనిషి లోపం ఉందని ఒప్పుకుంటేనే ముందడుగు పడుతుంది. ఆర్డర్ పెట్టిన రోజునే ఆ షరతు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, తర్వాత ఆ పేజీ మారిపోవచ్చు.

వస్తువు ఇంటికొచ్చిన రోజు

డబ్బా విప్పకముందే వీడియో మొదలుపెట్టండి. ముందు డబ్బా నాలుగు వైపులా, తర్వాత చిరునామా లేబుల్, సీలు, ఆపైన విప్పడం, చివరికి వస్తువు మీది సీరియల్ నంబరు, ఇదంతా ఒకే వీడియోలో మధ్యలో ఆపకుండా రావాలి. టీవీ, వాషింగ్ మెషీన్ లాంటివి కంపెనీ ఇంజనీరే విప్పాలని షరతు ఉంటే మీరు ముట్టుకోవద్దు. అతను విప్పుతుంటే వీడియో తీయండి. పగుళ్లు కనిపిస్తే డెలివరీ కాగితం మీద అప్పటికప్పుడే రాసి సంతకం పెట్టండి. డబ్బా, థర్మోకోల్ గడువు దాటేదాకా అటక మీద ఉండనివ్వండి. డబ్బా లేదని రీప్లేస్‌మెంట్ ఆపేసేవాళ్లు ఉన్నారు.

తర్వాత వెంటనే వాడండి. కొన్న వస్తువును మూల పెట్టడం మనకు అలవాటు. దసరా ఆఫర్‌లో ఏసీ కొని ఉగాది తర్వాత ఆన్ చేసేవాళ్లు మన చుట్టూ చాలామంది. అప్పటికి రీప్లేస్‌మెంట్ గడువు పోయి ఉంటుంది, మిగిలేది రిపేరు వారంటీ. ఏసీ ఏ కాలంలో కొన్నా మొదటి వారంలోనే గంటల తరబడి నడిపి చూడండి. ఫ్రిజ్‌లో ఐసు గడ్డకడుతోందా, వాషింగ్ మెషీన్ డ్రైయర్‌లో వణుకుతోందా, టీవీ తెర మీద పూర్తి తెలుపు, పూర్తి నలుపు రంగులు పెడితే మచ్చ ఏదైనా కనపడుతోందా, ఫోన్‌లో రెండు సిమ్ములూ స్పీకరూ కెమెరాలూ పనిచేస్తున్నాయా, అన్నీ చూడండి.

కంపెనీలు వారంటీ నిరాకరించేటప్పుడు ఎక్కువగా చెప్పే సాకులు రెండు: కరెంటు, నీళ్లు. "వోల్టేజ్ హెచ్చుతగ్గుల వల్ల బోర్డు పోయింది" అంటారు. గీజర్, వాషింగ్ మెషీన్ అయితే "బోరు నీళ్లు, ఉప్పు పట్టింది" అంటారు. నగరంలో చాలా అపార్ట్‌మెంట్లలో బోరు నీళ్లే దిక్కు కాబట్టి ఈ మాటలో నిజం ఉండే అవకాశమూ ఉంది. యూజర్ మాన్యువల్‌లో స్టెబిలైజర్ వాడమని రాసి ఉంటే వాడండి, దాని బిల్లు దాచండి. మొదటి వారంలోనే ఫిర్యాదు రాస్తే ఉప్పు పట్టిందనే సాకు నిలబడదు.

లోపం కనిపించాక మొదటి ఫిర్యాదు

ఫోన్‌లో మాట్లాడితే మాట్లాడండి, కానీ అదే రోజు రాతలో కూడా పెట్టండి. అమ్మినవాళ్లకు, తయారుచేసిన కంపెనీకి, ఆన్‌లైన్ అయితే ఆ సైటుకు, ముగ్గురికీ వెళ్లాలి. ప్యాకెట్లలో వచ్చే వస్తువుల మీద ఫిర్యాదుల ఫోన్ నంబరు, ఈమెయిల్ ముద్రించడం తప్పనిసరి కాబట్టి కంపెనీ చిరునామా కోసం ఎక్కడో వెతకక్కర్లేదు, డబ్బా తిప్పి చూడండి.

ఏం పాడైందో మీరు నిర్ధారించొద్దు, ఏం జరుగుతోందో మాత్రం చెప్పండి. "కంప్రెసర్ పోయింది" అని రాస్తే, రేపు పోయింది కంప్రెసర్ కాదని తేలితే మీ మాటే తప్పవుతుంది. "24 గంటలు నడిచినా ఫ్రీజర్‌లో నీళ్లు గడ్డకట్టడం లేదు" అని రాస్తే దాన్ని ఎవరూ కాదనలేరు. చివర్లో మీకేం కావాలో పేరు పెట్టి అడగాలి. "సమస్య పరిష్కరించగలరు" అని రాస్తే కంపెనీ దాన్ని రిపేరు అభ్యర్థనగా నమోదు చేసుకుంటుంది. "రీప్లేస్‌మెంట్ కోరుతున్నాను" అని రాయండి. గడువులోపల ఈ మాట, ఈ తేదీతో, ఫిర్యాదు నంబరుతో మీ దగ్గర ఉంటే, వాళ్ల మనిషి పది రోజులు ఆలస్యంగా వచ్చినా గడువు దాటిందనే నెపం మీ మీద పెట్టలేరు.

టెక్నీషియన్ వచ్చినప్పుడు

చాలా రీప్లేస్‌మెంట్లు గెలిచేదీ ఓడేదీ ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను.

టెక్నీషియన్ చేతిలో జాబ్ షీట్ ఉంటుంది, కాగితమో ఫోన్‌లోనో. అందులో కస్టమర్ చెప్పిన సమస్య, తాను గమనించిన సమస్య, చేసిన పని, మార్చిన పార్టులు, చివర రిమార్కులు, మీ సంతకం. తర్వాత షాపూ కంపెనీ ఆఫీసూ కమిషనూ చూసేది ఆ గళ్లలో ఉన్న మాటల్నే. "లోపం కనిపించలేదు" అని అతను రాసి, మీరు చూడకుండా సంతకం పెడితే, లోపం లేదని మీరే ఒప్పుకున్నట్టు. చదవండి. ఇంగ్లీషులో ఉంటే చదివి వినిపించమనండి. ఒప్పుకోకపోతే సంతకం పక్కన తెలుగులోనే రాయండి: "సమస్య ఇంకా ఉంది. రీప్లేస్‌మెంట్ అడిగాను." తేదీ వేయండి. వెంటనే ఫోటో తీసుకోండి.

సమస్య ఎప్పుడో ఒకసారి వచ్చేదైతే అతను వచ్చిన గంటలో అది కనపడకపోవచ్చు. అందుకని వచ్చినప్పుడల్లా తేదీ, సమయం కనిపించేలా వీడియో తీసి ఉంచండి. అతనికి చూపించి, "కస్టమర్ వీడియో చూపించారు" అని షీట్‌లో రాయించండి.

ఇక ఓటీపీ. పని ముగిశాక "ఓటీపీ చెప్పండి మేడమ్, కాల్ క్లోజ్ చేయాలి" అంటారు. కొన్ని కంపెనీలు దీన్నే హ్యాపీ కోడ్ అంటాయి. ఆ అంకెలు చెప్పారంటే సమస్య తీరింది, నాకు తృప్తిగా ఉంది అని కంపెనీ రికార్డుకెక్కినట్టే. ఆ అబ్బాయికి టార్గెట్లు ఉంటాయి, పాపం బతిమాలతాడు కూడా. మంచినీళ్లు, టీ ఇచ్చి మర్యాదగా పంపండి, ఓటీపీ మాత్రం వస్తువు బాగైతేనే చెప్పండి. పెండింగ్‌గా పెట్టే దారి అతని యాప్‌లోనూ ఉంటుంది.

ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు మొదటి రోజుల్లోనే పాడైతే సర్వీస్ సెంటర్ నుంచి డీఓఏ లెటర్ అడగండి. వస్తువు చేతికి వచ్చేసరికే పాడై ఉందని ధ్రువీకరించే కాగితం అది. అది చూపిస్తే షాపు కొత్త పీసు ఇచ్చి పాతది కంపెనీకి పంపుకుంటుంది. "ఒకసారి బోర్డు మార్చి చూద్దాం సార్" అంటే తొందరపడి ఒప్పుకోకండి. పెట్టె విప్పి బోర్డు మార్చాక అది రిపేరు కేసు అయిపోతుంది.

ఉత్తరం ఇలా రాయండి

రెండోసారీ తేలకపోతే ఈమెయిల్‌తో పాటు స్పీడ్ పోస్టులో ఉత్తరం పంపండి. లాయరు భాష అక్కర్లేదు. నేను రాసిచ్చే నమూనా ఇదీ:

"అయ్యా, ఫలానా తేదీన మీ అబిడ్స్ షోరూంలో ఫలానా బిల్లు నంబరుతో, ఫలానా సీరియల్ నంబరు గల ఫ్రిజ్‌ను ఇంత ధరకు కొన్నాను. కొన్న ఆరో రోజు నుంచి ఫ్రీజర్‌లో నీరు గడ్డకట్టడం లేదు. ఫలానా తేదీల్లో ఈ నంబర్లతో ఫిర్యాదు చేశాను. మీ టెక్నీషియన్ రెండుసార్లు వచ్చి చూసినా లోపం అలాగే ఉంది. జాబ్ షీట్ల నకళ్లు జతచేశాను. తయారీ లోపం ఉన్నందున ఈ వస్తువుకు బదులు అదే మోడల్ కొత్త వస్తువు ఇవ్వాలని, అది వీలుకాకపోతే కట్టిన మొత్తం తిరిగి ఇవ్వాలని కోరుతున్నాను. ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో ఏదీ జరగకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయిస్తాను."

కోపం, తిట్లు, సోషల్ మీడియాలో పెడతానన్న బెదిరింపులు ఇందులో వద్దు. ఈ ఉత్తరం రేపు కమిషన్ సభ్యుల ముందుకు వెళ్లే కాగితం.

ఆన్‌లైన్ కొనుగోలు అయితే సైటులో గ్రీవెన్స్ ఆఫీసర్ (ఫిర్యాదులు చూసే అధికారి) పేరు, ఈమెయిల్ తప్పకుండా ఉండాలి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆ అధికారి 48 గంటల్లో ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. లోపమున్న వస్తువును గానీ, చూపించినదానికి భిన్నంగా వచ్చిన వస్తువును గానీ వెనక్కి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. కస్టమర్ కేర్ చాట్‌లో గంటలు పోగొట్టుకునే బదులు నేరుగా ఈ అధికారికి రాయండి.

1915, ఆ తర్వాత కమిషన్

జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. తెలుగులో మాట్లాడొచ్చు. వాట్సాప్‌లో 8800001915కి కూడా రాయొచ్చు. వాళ్లు కంపెనీని ఆదేశించలేరు, ఫిర్యాదును కంపెనీకి చేరవేసి జవాబు రాబడతారు. అయినా ఈ మెట్టు వదలొద్దని నా సలహా. ఖర్చు లేదు, పైగా కింది స్థాయి కాల్ సెంటర్‌ని దాటి పై వాళ్ల బల్ల మీదికి మన ఫిర్యాదు వెళ్తుంది. వాళ్లిచ్చే డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదు నంబరు) రాసిపెట్టుకోండి.

అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. కోర్టు అనగానే వెనకడుగు వేయకండి. కట్టిన ధర 5 లక్షల వరకు ఉంటే ఫీజు లేదు, లాయరూ తప్పనిసరి కాదు. ధర 50 లక్షల వరకు జిల్లా కమిషనే చూస్తుంది. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. వ్యాపారం కోసం కొన్న వస్తువులకు ఈ చట్టం వర్తించదు. కానీ పొట్టకూటి కోసం సొంతంగా పనిచేసుకునేవాళ్లకు, ఉదాహరణకు ఇంట్లో కుట్టుకునే అక్క కొన్న మిషన్‌కు, మినహాయింపు ఉంది.

హైదరాబాద్ జిల్లా కమిషన్లు నాంపల్లి ఎం.జె. రోడ్డులోని చంద్రవిహార్ కాంప్లెక్స్‌లో ఉన్నాయి. నగరంలో ఉంటున్నాం కాబట్టి అందరం అక్కడికే అనుకోవద్దు. కూకట్‌పల్లి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలో, గచ్చిబౌలి రంగారెడ్డి జిల్లాలో ఉన్నాయి. అయితే 2019 చట్టం ఒక మంచి వెసులుబాటు ఇచ్చింది: అమ్మినవాళ్లు ఉన్న చోటే కాదు, మీరు నివసించే చోటగానీ ఉద్యోగం చేసే చోటగానీ ఫిర్యాదు వేయొచ్చు. ఢిల్లీ అమ్మకందారు మీద ఇక్కడి నుంచే కొట్లాడొచ్చు. వినియోగదారుల కేసులకు ప్రభుత్వం నడిపే ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేసే వీలుంది.

ఫిర్యాదులో అమ్మినవాళ్లను, తయారీదారును, ఆన్‌లైన్ సైటును ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒకరినే చేరిస్తే తప్పు మరొకరిదని చేతులు దులిపేసుకుంటారు. కోరికలు వరస కట్టి రాయండి: మొదట రీప్లేస్‌మెంట్, అది కాకపోతే వడ్డీతో రీఫండ్, ఆపైన మనోవేదనకు పరిహారం, ఖర్చులు. అవతలివాళ్లకు జవాబు ఇవ్వడానికి 30 రోజులు, మహా అయితే ఇంకో 15 రోజులు గడువు ఉంటుంది. లోపం ఉందో లేదో పైకి తెలియని వస్తువైతే కమిషన్ ల్యాబ్ పరీక్షకు పంపుతుంది. పరీక్ష అక్కర్లేని కేసును 3 నెలల్లో, అవసరమైనదాన్ని 5 నెలల్లో తేల్చాలని చట్టం చెబుతోంది. ఆచరణలో ఇంకా సమయం పట్టొచ్చు, ఓపికకు సిద్ధపడండి. నోటీసు అందాక రాజీకి వచ్చే కంపెనీలూ ఉంటాయి. రాజీ షరతులు కమిషన్ ముందే రికార్డు చేయించండి. తీర్పు వచ్చాక కూడా అమలు చేయకపోతే జైలు, జరిమానా రెండూ పడే వీలు 72వ సెక్షన్‌లో ఉంది.

కొత్త పీసు వచ్చినప్పుడు

సంబరంలో తనిఖీ మానకండి. మళ్లీ వీడియో, మళ్లీ సీరియల్ నంబరు. పెట్టె మీద రీఫర్బిష్డ్ (రిపేరు చేసి మెరుగుపెట్టిన పాతది) అన్న మాట ఉంటే తీసుకోవద్దు. మీ మోడల్ తయారీ ఆగిపోయిందని అంటే, దానికి సమానమైనదో పైదో ఇమ్మని అడగండి, తక్కువరకానికి ఒప్పుకోకండి. "ఇన్నాళ్లు వాడారు కదా, తరుగు కట్టండి" అని డబ్బు అడిగేవాళ్లు ఉంటారు. గడువులోపలే ఫిర్యాదు చేసిన కాగితం ముందు పెట్టి కుదరదని చెప్పండి.

పాత బిల్లు మీద పాత సీరియల్ నంబరే ఉంటుంది. కొత్త నంబరుతో సవరించిన బిల్లో లేదా రీప్లేస్‌మెంట్ లెటరో తీసుకోకపోతే, రేపు వారంటీకి వెళ్లినప్పుడు ఈ వస్తువు మీది కాదంటారు. వారంటీ ఎప్పటి నుంచి మొదలవుతుందో కూడా అందులోనే రాయించండి. మామూలుగా పాత వారంటీలో మిగిలిన కాలమే ఇస్తారు, కొన్ని కంపెనీలు కొత్తగా లెక్కపెడతాయి, అడిగి చూడటంలో తప్పు లేదు.

ఫోన్, ల్యాప్‌టాప్ తిరిగి ఇచ్చేముందు ఫోటోలు వేరేచోట దాచుకుని, బ్యాంకు యాప్‌లూ మెయిలూ అన్నిట్లోంచి లాగౌట్ అయి, ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. సిమ్ము, మెమరీ కార్డు తీసేయండి. పాత వస్తువు తీసుకెళ్లడానికి వచ్చిన మనిషి నుంచి సీరియల్ నంబరు, తేదీతో రసీదు తీసుకున్నాకే దాన్ని గడప దాటనివ్వండి.